పరీక్షల పైసలు ఎవరు కట్టాలె?

(మండల కేంద్రంలో వ్యవసాయ కూలీలు, పారిశుధ్య కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

 

ఈ పూట మేము రశీదుల గురించి మాట్లాడటానికి వచ్చాం. భూమి గురించో కూలి రేట్ల గురించో మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. వాటి సంగతి మధ్యాహ్నం బువ్వ తిన్నాక చూద్దాం. కొన్ని నెలలుగా మేము వాడవాడా తిరుగుతున్నాం. అప్పు ఎందుకైందని అడిగితే పెళ్ళి అన్నవాళ్ళు కొందరు, బోరు అన్నవాళ్ళు కొందరు, దవాఖాన అన్నవాళ్ళు ఎక్కువమంది. "ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది గదా, మరి అప్పెట్లయింది?" అంటే లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందర పెడతారు. స్కానింగు ఫిల్ములు, రక్తపరీక్ష కాగితాలు, మడతలు పడి చినిగిన చిట్టీలు. చూస్తే తెలిసింది ఏమంటే, ఆపరేషనుకు వాళ్ళు పైసా పెట్టలేదు. ఆపరేషను బల్ల దాకా పోవడానికి పెట్టారు. కొందరైతే ఆ బల్ల దాకా పోనే లేదు, పరీక్షల కాడనే చేతిలో పైసలు అయిపోయి ఇంటికి మళ్ళారు.

ఇదెందుకు జరుగుతున్నదో ముందు అర్థం చేసుకుందాం. మన దేశంలో పేదలకు ఇచ్చిన ఆరోగ్య బీమా ఎక్కువ భాగం మంచానికి కట్టేసి ఉంది. దవాఖానలో మంచం మీద పండితేనే బీమా లేచి నిలబడుతుంది. పండాలంటే రోగానికి ఒక పేరు కావాలి. ఆ పేరు పెట్టేది ఎవరు? పరీక్ష. అంటే కార్డు పని మొదలయ్యేది పరీక్ష అయిపోయిన తర్వాత. కడుపులో నొప్పి అని పోయిన మనిషికి అది గడ్డనా, రాయినా, పుండా అని తేలేదాకా కార్డు జేబులో పండుకునే ఉంటుంది. ఆ మధ్యలో ఉన్న గుంటలో పడి మనోళ్ళు మునుగుతున్నారు. జీతమున్న ఉద్యోగికి ఆ గుంట మోకాలు లోతు. రోజుకూలికి నిండా మునిగే లోతు.

ఆరోగ్యశ్రీ ఎట్లా వచ్చిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఈ మూడు జిల్లాలూ ఏమి జిల్లాలో చెప్పాల్నా? వలసల జిల్లాలు. మొదట్లో ఒక బీమా కంపెనీకి ప్రీమియం కట్టి నడిపారు, తర్వాత కొన్నేళ్ళకు ట్రస్టే నేరుగా దవాఖానలకు డబ్బు కట్టే పద్ధతికి వచ్చారు. అప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభైవేలు. 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలు చేశారు. అదే నెలలో ఆంధ్రలో 25 లక్షలు చేశారు. సంతోషమే. ఈ లక్షలు వచ్చినందుకు గుండె ఆపరేషన్లయి బతికిన పిల్లలు మన వాడల్లో ఉన్నారు, ఆ మాట కాదనడానికి మాకు నోరు రాదు. కానీ లక్షల సంఖ్య గోడల మీద ఎంత పెద్దగా రాసినా, కౌంటర్ల కాడ "ముందు ఈ టెస్టులు చేయించుకొని రా" అనే మాట మారలేదు.

రూలు ఏమంటున్నదో వినండి. ఆరోగ్యశ్రీలో చేరిన దవాఖానకు కార్డు పట్టుకొని పోతే ఓపీ చూపించుకోవడం ఉచితం. జాబితాలో ఉన్న జబ్బుల కోసం వచ్చిన రోగిని పరీక్ష చేసి చూడాలి, చివరికి ఆపరేషన్ అక్కర్లేదని తేలినా సరే. ఇక ఆపరేషన్ ఖాయమైతే సర్కారు కట్టే ప్యాకేజీలోనే డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, తిండి, ఇంటికి పోయే చార్జీలు అన్నీ కలిసి ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు కూడా అందులోనే. అంటే పరీక్షల డబ్బు దవాఖానకు సర్కారు ఇస్తున్నది. మన దగ్గర మళ్ళీ తీసుకుంటే అది ఒక్క పనికి రెండు కూలీలు తీసుకోవడమే. మనమెప్పుడైనా ఒక్క మడి నాటేసి రెండుసార్లు కూలి అడిగినమా?

ఒక సంగతి చెప్తాం. పత్తి ఏరే అక్క ఒకామెకు కుడిపక్క నొప్పి. వాడలోని ఆర్‌ఎంపీ చూసి పట్నంలో ఒక ల్యాబు పేరు చెప్పి అక్కడికే పొమ్మన్నాడు. అక్కడ స్కానింగుకు 1,200. ఆ రిపోర్టు పట్టుకొని ఆరోగ్యశ్రీ ఉన్న ఒక ప్రైవేటు దవాఖానకు పోతే, బయటి రిపోర్టు పనికి రాదన్నారు. రక్తపరీక్షలు 2,600, సీటీ స్కాను 4,500. బస్సులు, ఆటోలు, తోడొచ్చిన మనిషి తిండి 700. మొత్తం తొమ్మిదివేలు. రోజుకు మూడువందల కూలి లెక్కేస్తే ముప్పై రోజుల పని, ఒక్క రోజు పండుకోకుండా. మూడో రోజు సర్కారు నుంచి అప్రూవల్ వచ్చింది, ఆపరేషన్ అయింది, బాగైంది. "మా పైసలు మాకియ్యండి" అంటే, "అవి ఓపీ టెస్టులమ్మా, ఆరోగ్యశ్రీలకు రావు" అన్నారు. మా కార్యకర్తలు పోయి ఆరోగ్యమిత్రకు రాసిచ్చి, 104కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకొని కూర్చుంటే వారం రోజులకు ఆ దవాఖానలో కట్టిన 7,100 చేతికొచ్చాయి. బయటి ల్యాబులో పెట్టిన 1,200 రాలేదు. రాదు కూడా. ఎందుకంటే ఆ ల్యాబుకూ ట్రస్టుకూ ఏ ఒప్పందమూ లేదు. ఈ తేడా బాగా గుర్తు పెట్టుకోవాలి. కార్డున్న దవాఖాన లోపల, దాని రశీదు మీద కట్టింది మనం గట్టిగా అడగొచ్చు. ఎవడో చెప్పిన ల్యాబులో కట్టింది పోయినట్టే.

మరి ఆర్‌ఎంపీ ఎందుకు ఆ ల్యాబు పేరే చెప్పాడు? మీ నవ్వులు చూస్తే మీకు తెలిసినట్టే ఉంది. కమీషను. రిజిస్టరైన డాక్టరు కమీషను తీసుకోవడం వైద్య మండలి 2002 నియమాల ప్రకారం తప్పు. ఆర్‌ఎంపీకి ఆ రిజిస్టరూ లేదు, ఆ నియమమూ లేదు. అట్లాగని ఆయనను వాడ నుంచి తరమమని మేము చెప్పం. అర్ధరాత్రి జ్వరమొస్తే మన గడపలోకి వచ్చేది ఆయనే, మంచం మీద కూర్చొని నాడి పట్టేది ఆయనే. ఆయనతో మాట్లాడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా అయ్యే పరీక్షకు పట్నం ల్యాబుకు పంపొద్దని వాడ పెద్దమనుషులు కూర్చోబెట్టి చెప్పాలి.

కోతకు డబ్బులిచ్చి పరీక్షకు ఇవ్వని బీమా ఇంకో పని కూడా చేస్తుంది. మన ఆడోళ్ళ గర్భసంచుల సంగతి మీకు తెలుసు. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా, గర్భసంచి తీసేయడమే మందన్నట్టు ముప్పై ఏళ్ళ పిల్లలకు కూడా తీసేశారు. నిదానంగా పరీక్షించి మందులతో నయం చేస్తే దవాఖానకు వచ్చేదేమీ లేదు, కోస్తే ప్యాకేజీ వస్తుంది. గొడవ పెద్దదయ్యాక ఆ ఆపరేషన్‌ను సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సి వచ్చింది. చదువుకోని ఆడోళ్ళు తెలియక కోయించుకున్నారని కొందరు పెద్దలు రాస్తారు. డబ్బు ఏ పనికి ఇస్తే ఆ పనే ఎక్కువ జరుగుతుంది, ఇందులో చదువు మాటేముంది?

ఇక కేంద్రం ఇచ్చిన ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలుపెట్టారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తెలంగాణ 2021లో అందులో చేరింది. దీంట్లో దవాఖానలో చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజులు పరీక్షలూ మందులూ లెక్కలోకి వస్తాయి. చేరకుండా చేయించుకున్న పరీక్ష రాదు. పరీక్ష కోసమే చేరితే అదీ రాదు. మూడు రోజులంట! నోట్లో పుండు పడ్డ మనిషికి ముక్క తీసి పంపితే ఆ రిపోర్టు రావడానికే వారం పడుతుంది. రిపోర్టు పట్టుకొని పెద్ద దవాఖానకు పోతే తారీకు ఇచ్చి పంపిస్తారు. మూడు రోజుల్లో పరీక్షా, పేరూ, మంచమూ అన్నీ అయ్యేది ఎవరికి? కారున్నోడికి, దవాఖానలో చుట్టమున్నోడికి.

ఇప్పుడు మున్సిపాలిటీ అక్కలు, అన్నలు కొంచెం ముందుకు జరిగి కూర్చోండి. మీ సంగతి వేరే. మీకు ఈఎస్ఐ ఉంది, లేదా ఉండాలి. పదిమందికి పైగా పనిచేసే చోట, నెలకు 21,000 దాటని జీతగాడికి ఈఎస్ఐ హక్కు. 2019 జూలై నుంచి మీ జీతంలో నూటికి 75 పైసలు, యజమాని నూటికి మూడు రూపాయల పావలా కట్టాలి. 16,000 జీతమైతే మీ నుంచి 120, కాంట్రాక్టరు నుంచి 520, నెలకు 640. ఈ బీమాకు మంచంతో ముడి లేదు. పనిలో చేరిన రోజు నుంచే మీకూ, మీ ఇంటోళ్ళకూ ఓపీ, పరీక్షలు, మందులు, ఆపరేషన్ అన్నీ వస్తాయి. మిగతా కార్డుల్లో లేనిది దీంట్లో ఎట్లా వచ్చిందంటే, ఇది దయతో పుట్టింది కాదు. కార్మికుల ఆరోగ్య బీమా మీద ఆచార్య అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చిన నాడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆ పునాది మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. వైద్యం హక్కు మాత్రం అందులోనూ ఉంది.

హక్కు ఉంది, మరి చేతికెందుకు రాదు? మొదటిది, కాంట్రాక్టరు మీ 120 కోస్తాడు, తన 520 కట్టడు, కొన్నిచోట్ల రెండూ కట్టడు. మీ బీమా నంబరు మీకు తెలియదు. ఈ సభలో ఎంతమందికి తమ నంబరు తెలుసో చేతులెత్తండి... చూశారా, ఏడు చేతులు. రెండోది, డిస్పెన్సరీకి పోతే మిషన్ పనిచేయదు, కిట్లు లేవు. కిట్లు ఎందుకుండవు? 2019లో తెలంగాణ ఈఎస్ఐ వైద్య విభాగంలో కొనుగోళ్ళ అక్రమాల మీద ఏసీబీ కేసు పెట్టి డైరెక్టరునే అరెస్టు చేసింది. మన చెమట పైసలు అట్లా పోయాయి. మూడోది, ఇది మీ చేతిలో ఉన్నది. "ఇక్కడ కాదు, బయట చేయించుకో" అని నోటితో చెప్తే కదలొద్దు. ఆ మాటను కాగితం మీద రాయించుకోవాలి. పరీక్ష పేరు, ఇక్కడ లేదన్న మాట, డాక్టరు సంతకం, ముద్ర. ఆ కాగితం లేకుండా బయట చేయించుకొని బిల్లు పెడితే నూటికి తొంభైసార్లు వాపసు వస్తుంది. కాగితం ఉన్నా మీరు కట్టిందంతా రాదు, సర్కారు రేటు ప్రకారమే ఇస్తారు. ల్యాబులో వెయ్యి కట్టి ఉండొచ్చు, సర్కారు రేటు ఆరువందలుంటే వచ్చేది ఆరువందలే. అందుకే బయట కట్టే ముందు ఒప్పందమున్న ల్యాబు ఏదో అడగాలి. అక్కడైతే మీరు చెయ్యి జేబులో పెట్టే పని లేదు.

పట్నంలో కంపెనీల్లో, గోదాముల్లో చేసే మన పిల్లలకు ప్రైవేటు పాలసీలుంటున్నాయి. వాటి గురించి రెండు మాటలు చాలు. పరీక్షల కోసమే చేరినట్టు కనిపిస్తే క్లెయిము కొట్టేయొచ్చని అన్ని పాలసీల్లో ఒకే మాట రాసి ఉంటుంది. జ్వరంతో చేరిన పిల్లవాడికి రక్తకణాలు రెండు పూటలా చూసి, సెలైన్ పెట్టి పంపిస్తే, "ఇది పరీక్షల అడ్మిషను" అని తిప్పి పంపుతున్నారు. అందుకని డిశ్చార్జి కాగితంలో ఏ వైద్యం చేశారో, ఎందుకు చేర్చుకున్నారో డాక్టరుతో రాయించుకోవాలి. కొట్టేస్తే ముందు కంపెనీకి రాసి, నెల రోజులు చూసి, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆఫీసు హైదరాబాదులోనే ఉంది.

ఇంత చెప్పినాక మీరు అడుగుతారు, "ఈ కార్డులతోటి గాదు, మరి దేనితోటి అయితది?" మా అభిప్రాయం దాచుకోం. పరీక్షకు బీమా కంటే సర్కారు ల్యాబే మేలు. బీమాలో ముందు కట్టి తర్వాత అడుక్కోవాలి. ల్యాబు మనదైతే అడుక్కునేదే ఉండదు. జాతీయ ఆరోగ్య మిషన్ ఉచిత పరీక్షల జాబితా ప్రకారం సబ్‌సెంటరులో 14 రకాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 97, జిల్లా దవాఖానలో 134 పరీక్షలు ఉండాలి. తెలంగాణలో 2018లో నారాయణగూడలో పెద్ద ల్యాబు పెట్టి, 57 పరీక్షలతో మొదలుపెట్టి, తర్వాత జిల్లాలకు పెంచి, 134 దాకా తెచ్చారు. ఊరి దవాఖానలో రక్తం తీస్తారు, బండిలో జిల్లా ల్యాబుకు పోతుంది, రిపోర్టు ఫోనుకు వస్తుంది. మంచి పద్ధతి. మన వాళ్ళు దీన్ని వాడుకోవడం లేదు, వాడుకోబోయిన వాళ్ళను "ఇయ్యాళ టెక్నీషియన్ రాలేదు" అని తిప్పుతున్నారు. ఒకసారి తిప్పితే ఒక కూలి పోతుంది, రెండుసార్లు తిప్పితే ఆ మనిషి ప్రైవేటు ల్యాబుకు పోతాడు. టెక్నీషియన్ లేని రోజుల లెక్క తీస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఇంకో మాట. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష సర్కారు దవాఖానల్లో పూర్తిగా ఉచితం. దానికి ఎవరూ ఎక్కడా పైసా కట్టొద్దు.

పాలకులు మాత్రం ల్యాబు కన్నా కార్డునే ఎక్కువ ప్రేమిస్తారు. కార్డు మీద ఫోటో వేసుకోవచ్చు గదా! ఆ కార్డు బిల్లులు కూడా సరిగా కట్టరు. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రలో బకాయిల కోసం ప్రైవేటు దవాఖానలు ఈ సేవలే ఆపేశాయి. సర్కారూ దవాఖానా కొట్లాడుకుంటే నలిగింది రోగి. ఇదే 2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీల ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా నడిపే పద్ధతికి ఒప్పుకుంది. 2007లో మొదలైన చోటికే మళ్ళీ వస్తున్నట్టుంది. కంపెనీ వస్తే ఇచ్చేటప్పుడు ఒక చూపు, కొట్టేసేటప్పుడు పది చూపులు. ఆంధ్ర నుంచి వచ్చిన అన్నలు దీని మీద కన్నేసి ఉంచాలి.

చట్టం సంగతి కొంచెం. దవాఖాన వాళ్ళు "నీకు ఉచితంగా చేసినం, మళ్ళా అడుగుతవేంది" అంటే తల దించుకోవద్దు. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందనీ, రోగి తరఫున బీమా కంపెనీ డబ్బు కడితే అది ఉచిత సేవ కాదనీ చెప్పింది. 2007లో కిషోర్‌లాల్ కేసులో ఈఎస్ఐ కార్మికుడు కూడా వినియోగదారుడేనని చెప్పింది. ఎందుకంటే అతను చందా కడుతున్నాడు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపల పోవాలి. మీ కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వడం డాక్టరు బాధ్యత. తెల్లకార్డు ఉన్నవాళ్ళు సమాచార హక్కు కింద ఫీజు లేకుండా అడగొచ్చు. మన మండల ఆరోగ్య కేంద్రంలో పోయిన ఏడాది ఏ పరీక్షలు ఎన్ని రోజులు ఆగాయో రాసి అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పేరు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో పోచమ్మ, రేషన్ కార్డులో పోశమ్మ, ల్యాబు రశీదు మీద పి. పోచవ్వ. ముగ్గురు మనుషులైపోయారు! మన తల్లుల పేర్లు సరిగ్గా రాయడానికి ఈ ఆఫీసులకు మనసు రాదు. అందుకని రశీదు రాసేటప్పుడే కార్డు ముందర పెట్టి అక్షరం అక్షరం చూసి రాయించండి. తెల్ల చిట్టీ మీద మొత్తం రాసి ఇస్తే తీసుకోవద్దు. ల్యాబు పేరు, తారీకు, ఏ పరీక్షకు ఎంత, ముద్ర, ఇవన్నీ ఉండాలి. ఆరోగ్యశ్రీకి ఫోను 104, ఆయుష్మాన్‌కు 14555, వినియోగదారుల సహాయానికి 1915. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. నంబరు లేని ఫిర్యాదును ఎవరూ వెతకరు. సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

ఇక కార్యకర్తలకు పని. ప్రతి ఊళ్ళో ఒక పుస్తకం పెట్టండి. పదో తరగతి చదివిన పిల్ల ఎవరైనా ఉంటే ఆమెకు అప్పజెప్పండి, మగపిల్లల కన్నా శ్రద్ధగా రాస్తారు. ఎవరికి ఏ నొప్పి, ఎవరు పంపారు, ఏ ల్యాబు, ఏ పరీక్ష, ఎంత కట్టారు, ఆరోగ్య కేంద్రంలో ఎన్నిసార్లు తిప్పారు, అప్పు ఎక్కడ తెచ్చారు, ఎంత వడ్డీ. రోగం పేరు దాచుకోవాలనుకుంటే దాచుకోనివ్వండి, అది వాళ్ళ ఇష్టం. మూడు నెలలు రాయండి. ఇరవై ఊళ్ళ పుస్తకాలు ఒక్కచోట పెడితే, ఏ పరీక్ష ఆరోగ్య కేంద్రంలో లేక మనోళ్ళ పైసలు ఎక్కువ పోతున్నాయో తేలుతుంది. అప్పుడు జిల్లా వైద్యాధికారి దగ్గరికి ఉత్త చేతులతో పోం. "మా మండలంలో ఈ నాలుగు పరీక్షల కోసం ఇంత అప్పు అయింది, ఈ నాలుగూ ఈ తారీకు లోపల పెట్టండి" అని అడుగుతాం. మున్సిపాలిటీ వాళ్ళు వేరే పుస్తకం పెట్టాలి, అందులో మొదటి పేజీలో అందరి ఈఎస్ఐ నంబర్లు. వచ్చే పదిహేను రోజుల్లో నంబరు దొరకనివాళ్ళ జాబితా మాకు పంపితే కాంట్రాక్టరు పేరుతో సహా ఈఎస్ఐ ఆఫీసుకు తీసుకుపోతాం.

పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి. ఊరికొకటి, మున్సిపాలిటీకి రెండు. తీసుకునేటప్పుడు ఊరి పేరు, తీసుకున్నవాళ్ళ పేరు రాసి పొండి. జై భీం!